నెమలి చావుకు నేను నింపిన గడి

విషయం తెలియక విషం అని రాశాను. ముప్పై ఏళ్లకు పైగా పశువైద్యుడిగా పనిచేసినవాణ్ని. నేను చేసిన తెలివితక్కువ పనులన్నిటినీ ఒక వరుసలో నిలబెడితే హిందూపురం స్టేషన్లో మొదలై పెనుకొండ దాటి ధర్మవరం దాకా వస్తాయి. ఆ వరుసకు ముందు జెండా పట్టుకుని నడవవలసింది మాత్రం ఇదే. చచ్చిన నెమలిని కోయకుండా, కనీసం తిరగేసి చూడకుండా, అది ఎందుకు చచ్చిందో ఒక ప్రభుత్వ కాగితం మీద రాసి, సంతకం చేసి, ముద్ర కూడా వేశాను. ముద్ర సరిగ్గా పడలేదని రెండోసారి మళ్లీ వేశాను. తప్పు చేసేటప్పుడు నాకుండే శ్రద్ధ ఒప్పు చేసేటప్పుడు కూడా ఉండి ఉంటే ఈపాటికి ఎక్కడో ఉండేవాణ్ని.

డెబ్బైల చివరి మాట. హిందూపురంలో కొన్నేళ్లు ఎద్దుల గిట్టలూ ఎనుముల పొదుగులూ చూసి, పెనుకొండ పశువుల ఆసుపత్రికి వచ్చాను. అక్కడి జనానికి నేను గొడ్ల డాక్టరును. నా చదువంతా నెమరువేసే జంతువుల గురించే. నెమలి గురించి పరీక్షల్లో ఒక్క ప్రశ్న కూడా రాలేదు. ఆవు కడుపులో నాలుగు గదులుంటాయని నిద్రలో లేపి అడిగినా చెప్పగలను. నెమలి దగ్గరికి వచ్చేసరికి నా పరిజ్ఞానం మూడో తరగతి వాచకంలోనే ఆగిపోయింది: నెమలి మన జాతీయ పక్షి. ఆ ఒక్క ముక్కే చివరికి పీకల మీదికి తెచ్చింది. నా పీక మీదికి కాదు, అదే అసలు బాధ.

మా పై అధికారి ధర్మవరంలో ఉండేవాడు. ఆయనకు రోగాలంటే భయం లేదు గాని, ఖాళీ గడులంటే భయం. మేం పంపే ఏ ఫారంలోనైనా ఒక గడి ఖాళీగా కనబడిందా, ఎర్రసిరాతో దాని చుట్టూ సున్నా చుట్టి వెనక్కి కొట్టేవాడు. తెలియదు అని రాసినా ఒప్పుకునేవాడు కాదు. "తెలియకపోవడానికి నీకు ఉద్యోగమెందుకయ్యా?" అనేవాడు. దాంతో మేమంతా గడులు నింపడంలో ఆరితేరాం. రోగం కుదిరినా కుదరకపోయినా గడి కుదిరేది.

ఆ ఏడు కోళ్లకు వేయవలసిన కొక్కెర తెగులు టీకా మందు మాకు అందనే లేదు. కొక్కెర తెగులంటే కోళ్ల మెడలు వంకర తిప్పి, వారం తిరక్కుండా ఊళ్లో పుంజు కూత వినపడకుండా చేసే రోగం. వచ్చాక చేయగలిగిందేమీ లేదు. ముందుగా వేసే టీకా ఒక్కటే దారి. మందు రాకపోయినా రిజిస్టరులో ప్రతి ఊరి పేరుకూ ఎదురుగా ఒక గడి ఉంది కాబట్టి, అన్ని ఊళ్లకూ వేసినట్టే నింపమన్నాడు మా పై అధికారి. నింపాను. సంతకం నాదే. మా రిజిస్టరులో టీకా ఉంది, తాత్పర్యమే లేదు.

వేసవి ముగిసి, రైతులు మబ్బుల వంక చూసే రోజుల్లో ఒక మధ్యాహ్నం అటవీశాఖ రేంజరు జీపు మా ఆసుపత్రి ముందు ఆగింది. వెనక గోనెసంచిలో మూడు నెమళ్లు. సంచి మూతిలోంచి ఒక పింఛం జారి మా వాకిలి దుమ్ము ఊడుస్తోంది.

"డాక్టరుగారూ, కోర్టు లేచేలోగా నాకో సర్టిఫికెట్ కావాలి" అన్నాడు రేంజరు. "కొండకింద ఒక సాయిబు చేనుగట్టున పడున్నాయి. వాడి కొట్టంలో ఇది దొరికింది." ముందుసీటు మీదున్న పురుగుల పొడి డబ్బా ఎత్తి చూపించాడు. "ఇంక చెప్పేదేముంది? శనక్కాయ విత్తనం తినిపోతున్నాయని మందు పెట్టాడు."

"కోసి చూడాలి కదండీ" అన్నాను. అన్నట్టే గుర్తు. అనలేదని ఎవరైనా అంటే పోట్లాడను.

"కోస్తే పొద్దుపోతుంది. రేపు ఆదివారం. అనుమానం అని రాయండి, చాలు. అనుమానానికి కత్తి ఎందుకండీ?"

ఫారం తీశాను. తేదీ, ఊరు, పక్షి పేరు, ఆడా మగా, అన్నీ నిండాయి. "మరణ కారణం" అన్న గడి ఒక్కటే నోరు తెరుచుకుని నా వంక చూస్తోంది. వదిలేస్తే ధర్మవరం నుంచి ఎర్రసున్నా వస్తుంది. నెమలి కన్నా ముందు నేను డబ్బాను చూసి ఉన్నాను. "విషప్రయోగం, అనుమానం" అని రాసేశాను.

అనుమానం అన్న మాట నెమలికి పింఛం లాంటిది. రాసేటప్పుడు బారుగానే కనబడుతుంది. కేసు పరుగందుకున్నాక ఊడిపోతుంది. సాయంత్రానికి విషప్రయోగం ఒక్కటే మిగిలింది. నేను గడి నింపాను, పెనుకొండ సబ్‌జైల్లో ఆ రైతుకు గడియ పడింది. జాతీయ పక్షి కేసు కావడంతో జామీను నిలబడడానికి ఊళ్లో ఒక్కడూ ముందుకు రాలేదు.

ఐదో రోజు ఆయన భార్య ఆసుపత్రికి వచ్చింది. మోకాళ్ల దాకా ఎర్రమట్టి. ఆ ఇంట్లో తరతరాలుగా మాట్లాడేది తెలుగే, చేసేది సేద్యమే. నేనొక మేక చెవిలో గోమార్లు ఏరుతున్నాను.

"నెమలి కాగితం రాసిన డాక్టరు నువ్వేనా అప్పా?"

"నేనేనమ్మా. కూర్చో."

"నేను కూచ్చుంటే ఇత్తనం ఎవురేస్తారు? నిన్న వాన పడ్న్యాది. పదును రెండు దినాలకు మించి నిలవదు. గొర్రు పట్టే మనిషిని తీసుకపోయి జైల్లో పెట్టిస్తివి."

"నేను పెట్టించలేదమ్మా, ఫారెస్టువాళ్లు..."

"వాళ్లు జీపు తోలినారు. కాగితం రాసిందెవురు?"

మేక చెవి వదిలేశాను. మేకకు సంతోషమయింది.

"ఆ నెమలిని కోసింటివా?" అని అడిగింది.

"లేదు."

"కోయకుండానే కడుపులో మందుండాదని ఎట్ల తెలిసె? రెక్కల మీద రాసింటే సదివితివా?"

ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, గొంతు కాస్త తగ్గించింది. "మా ఆయన కొట్టంలో పొడి ఉండేది నిజమే సార్. ఇత్తనానికి పట్టించమని ఆపీసరు చెప్పిపోయినాడు. కానీ ఆ దినానికి వాన పడలే, ఇత్తనం బస్తా ఇప్పనే లేదు. కుట్టిన కుట్టు కుట్టినట్లే ఉండాది, వచ్చి సూడు. ఏయని ఇత్తనం నెమలి ఎట్ల తింటాది? సరే, నెమళ్లకు మా ఆయనే పెట్టినాడనుకుందాం. మా కోళ్లకు ఎవురు పెట్టినారు? అవి గూడా సచ్చినాయి గదా. వాటికీ ఒక కాగితం రాయి, నన్ను గూడా లోపలేస్తారు."

"కోళ్లా? ఎట్లా చచ్చాయి?"

"మెడ ఎనక్కి తిప్పుకోని, ఆకాశం సూస్తా, గిర్రున బొంగరం మాదిరి తిరిగి. పచ్చగా పారుకుంటా పాయ."

చేతిలోని పట్టకారు కిందపడింది. ఆ మాటలు నేను పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్న మాటలు. కొక్కెర తెగులు గురించి నా పాఠ్యపుస్తకం రెండు పేజీల్లో చెప్పింది ఆమె ఒక్క ఊపిరిలో చెప్పేసింది.

సైకిలు తోసుకుంటూ ఆమె వెంట నడిచాను. తొక్కే ధైర్యం లేదు. ఆమె నడుస్తుంటే నేను తొక్కడం బాగుండదు కూడా. ఊరి పొలిమేర దగ్గర కొండ చరియకు ఆనుకుని ఐదారు పాత బుట్టలు పడి ఉన్నాయి. వేపమండలు ఎండిపోయాయి. లోపల కోడి ఈకలూ ఎముకలూ, చుట్టూ పసుపన్నం మెతుకులు.

"ఇదేంటమ్మా?"

"అమ్మను సాగనంపింది. ఊర్లో కోళ్లు పడిపోతాంటే సచ్చినవాటిని బుట్టలో పెట్టి, పసుపన్నం సల్లి, పొలిమేర దాటించి ఎనక్కి తిరిగి సూడకుండా వస్తారు. మేమూ ఇంటికొక సేరు బియ్యమిచ్చినాము. రోగానికి మా ఇల్లు, మీ ఇల్లు అని ఉండాదా?"

ఎవరూ వెనక్కి తిరిగి చూడలేదు గనక ఆ తర్వాత ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. చూడవలసిన ఉద్యోగం నాది. ఎండకు కొండ మీద గింజ లేక, నెమళ్లు కిందికి దిగి ఆ మెతుకుల్ని ఏరుకు తిన్నాయి. రోగం ఎక్కిన నెమళ్లు పక్కనున్న చేనుగట్టు దాకా నడిచి కూలిపోయాయి. ఆ చేను ఎవరిదన్నది నెమలికి తెలియదు. రేంజరుకు మాత్రం తెలిసింది.

బుట్టలకు కొంచెం అవతల తుప్పలో ఒక ఆడనెమలి పడి ఉంది. ఇంకా కాళ్లు బిగుసుకోలేదు. అక్కడే ఒక బండ మీద పెట్టి, ఆమె చూస్తుండగా కోశాను. గొంతులో చీమిడి. కందనకాయకు ముందుండే సంచిని చీల్చి కడిగితే లోపలంతా గుండుసూది మొనలంత నెత్తుటి చుక్కలు, ఎవరో కూర్చుని ఓపిగ్గా పొడిచినట్టు. పుస్తకంలో బొమ్మకు ఇంతకన్నా పోలిక ఉండదు.

"మందుండాదా?" అంది ఆమె.

"లేదు."

"ఇప్పుడేం రాస్తావు?"

"ఇదే."

"మొన్న గూడా కలం ఇదే గదా?" అంది. కలం ఇదే. కత్తే లేదు.

మరునాడు పాసింజరు బండిలో ధర్మవరం వెళ్లాను. చేతిలో రెండో రిపోర్టు, గ్లిజరిన్ పోసిన సీసాలో నెమలి ప్లీహం ముక్క. జిల్లా ప్రయోగశాలకు ఏది పంపాలన్నా పై అధికారి సంతకంతోనే వెళ్లాలి. ఆయన రిపోర్టు చదివి, సీసాను వెలుతురులోకి ఎత్తి చూసి, బీరువా మీద పెట్టాడు.

"ఏమయ్యా డాక్టరూ, ఒకే నెమలికి రెండు చావులుంటాయా?"

"చావు ఒకటే సార్. డాక్టర్లే ఇద్దరు. మొదటివాడు కోయలేదు."

"వేళాకోళం వద్దు. ఆ ఊళ్లో కొక్కెర తెగులు టీకాలు వేశామని రికార్డుంది. వేసిన ఊళ్లో రోగమెలా వస్తుంది?"

"వేయలేదు కనక వచ్చింది సార్."

"సంతకం ఎవరిది?"

"నాదే."

"అయితే విను. ఈ కాగితం కోర్టుకు పోయిందంటే దాని వెనకే నీ టీకా రిజిస్టరు కూడా పోతుంది. మొదటి రిపోర్టు మీద నిలబడు. ఆ రైతుకు ఏ ఆర్నెల్లో పడతాయి. బయటికొస్తాడు. నీ ఉద్యోగం పోతే తిరిగి రాదు."

సీసా బీరువా మీదే ఉండిపోయింది. తిరుగు బండిలో నేను ధైర్యవంతుణ్నేమీ కాదు. రిపోర్టును నాలుగు మడతలు పెట్టాను, ఎనిమిది పెట్టాను, కిటికీలోంచి వదిలితే ఎక్కడ పడుతుందో లెక్క కూడా వేశాను. పెనుకొండ చేరేసరికి అది తాయెత్తంత అయింది. మా నాన్న నాకొక తాయెత్తు కట్టించాడు చిన్నప్పుడు, పిరికితనం పోవడానికి. అదీ పనిచేయలేదు.

మరునాడు కొండకింద ఒక ఎద్దును చూడబోయి వస్తుంటే ఆ చేను కనబడింది. ఆమే గొర్రు పట్టి నడుస్తోంది. ఎవరి ఎద్దులో అడిగి తెచ్చుకున్నట్టుంది. అవి ఆమె మాట వినడం లేదు. సాళ్లు వంకర టింకరగా పోతున్నాయి. అయినా నా వెన్నెముక కన్నా నిటారుగానే ఉన్నాయి. తాయెత్తు విప్పి, అరచేత్తో సాపు చేసి, నేరుగా పెనుకొండ కోర్టుకు తీసుకుపోయాను.

వాయిదా రోజున సర్కారు వకీలు రెండు కాగితాలూ రెండు చేతుల్లో పట్టుకున్నాడు. "డాక్టరుగారూ, అప్పుడు తప్పు చెప్పారా, ఇప్పుడు తప్పు చెప్తున్నారా?"

"అప్పుడు చెప్పలేదండీ, నింపాను."

కోర్టులో ఎవరో నవ్వారు. మేజిస్ట్రేటు నవ్వలేదు. "ఆ ఊళ్లో కోళ్లకు టీకాలు వేసినట్టు మీ శాఖ నుంచి ఉత్తరం వచ్చింది. రోగమే లేదని మీ పై అధికారి రాశారు. దీనికేమంటారు?"

"టీకాల రిజిస్టరు నింపింది కూడా నేనేనండీ. మందు రాలేదు. వేయకుండానే వేసినట్టు రాశాను."

ఒక్క నిమిషంలో నేను రెండు అబద్ధాలకు సొంతదారుణ్నయ్యాను. రెండూ నావే, రెండూ ముద్రతో సహా. విచిత్రమేమిటంటే చాలా రోజుల తర్వాత ఆ నిమిషంలోనే నాకు నిటారుగా నిలబడడం వీలయింది.

మేజిస్ట్రేటు కళ్లద్దాలు తీశాడు. "అబద్ధం రాసే అలవాటుందని మీరే ఒప్పుకుంటున్నారు. అలాంటప్పుడు ఈ కాగితం మాత్రం నిజమని ఎలా నమ్మను? ఒకే శాఖ, ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు. ఇంకొక ఆధారం తీసుకురండి." వాయిదా పడింది. అబద్ధాన్ని ఒక్క సంతకంతో నమ్మినవాళ్లు, నిజానికి ఇంకో సంతకం తెమ్మన్నారు.

వరండాలో జవాన్ల మధ్య ఆ రైతు నా ముందు నుంచే వెళ్లాడు. తిడతాడనుకున్నాను. తిడితే పడడానికి సిద్ధంగా ఉన్నాను కూడా. ఆయన ఆగి, "సార్, నెమలిని కోసినావంట, మా ఆడమనిషి చెప్పె. కోసినాంక పూడ్చినావా?" అని అడిగాడు.

తల అడ్డంగా ఊపాను.

"పూడ్చకుంటే కాకి పీక్కపోతాది, ఇంగో ఊరు పోతాది. నాకేం, నేను లోపల భద్రంగా ఉండా. కోళ్లు బయట గదా ఉండేది" అన్నాడు, ఏ కోపమూ లేకుండా.

పూడ్చలేదు. రిపోర్టు రాయాలన్న తొందరలో బండ మీదే వదిలి వచ్చాను. ఆ సాయంత్రమే పార తీసుకుపోయి, మిగిలిన ఈకల్నీ బుట్టల్నీ కలిపి గొయ్యిలో సున్నం చల్లి పూడ్చాను. కోర్టుకు వైద్యం తెలియకపోవచ్చు, ముద్దాయికి తెలుసు.

పది రోజుల తర్వాత పై అధికారి క్యాంపు పెట్టాడు. ఆ ఊళ్లో రోగం లేదని స్వయంగా చూసి కోర్టుకు ఇంకో ఉత్తరం రాయడానికి. స్వయంగా చూడడమంటే ఊరి పెద్దమనిషి ఇంట్లో భోజనం చేయడం. నాటుకోడి పులుసు వడ్డించారు. ఆయన తొడ ముక్క నమిలి, "చూశావా, ఎంత గట్టిగా ఉందో! రోగమున్న కోడి ఇలా ఉంటుందా?" అన్నాడు. రోగనిర్ధారణలో పళ్లను వాడినవాణ్ని ఆయన్నొక్కణ్నే చూశాను.

ఆ పక్క ఊళ్లలో ఒక అలవాటుంది. కోళ్లకు రోగం దిగిందంటే, ఇంకా పడిపోనివాటిని ఎవరికో ఒకరికి అంటగట్టేస్తారు: సంతకు, చుట్టాలకు, లేకపోతే ఊరికి వచ్చిన అధికారికి. చచ్చాక పారేయడం కన్నా బతికుండగా ఇస్తే మర్యాద మిగులుతుంది. జీపు కదలబోతుంటే ఒక్కొక్కరే కోళ్లు పట్టుకుని బయల్దేరారు. అందరికన్నా ముందు ఆ రైతు భార్య, తమ ఇంట్లో చావగా మిగిలిన రెండు పెట్టల్ని కాళ్లు కట్టి పట్టుకుని.

"తీస్కోండి సార్" అంది మా అధికారితో. "మా ఊర్లో రోగం లేదని చెప్పిన పుణ్యాత్ములు మీరొక్కరే. ఒట్టి సేతుల్తో ఎట్ల పంపేది?"

ఆయన మొహం వెలిగింది. నేను దగ్గరికి వెళ్లి గొంతు తగ్గించి, "సార్, ఆ కోళ్లు ఇంటికి తీసుకుపోవద్దు. మీ పెరట్లో తెల్లకోళ్లున్నాయి" అన్నాను. ఆయన భార్య సీమకోళ్లు పెంచేది. ఒక్కో కోడికీ ఒక్కో పేరు.

"ఏం? ఇక్కడ రోగముందా?"

"ఉందని రాశాను కదా సార్."

"లేదని నేను రాశాను. ఇద్దరిలో ఎవరు పెద్ద?"

"మీరే సార్."

"అయితే ఎక్కించు."

ఎక్కించాను. నా చేతుల్తోనే, ఒక్కొక్కటిగా, మెడలు నలగకుండా. ఆ మెడల సంగతి వాటంతటవే చూసుకుంటాయని నాకు తెలుసు, ఆమెకు తెలుసు. జీపు వెళ్లిపోయాక ఆమె నా వంక చూసి, "నేను అబద్ధం సెప్పలేదు సార్. ఆయనే సెప్పినాడు" అంది.

వారం తిరిగింది. ధర్మవరం నుంచి అటెండరు చీటీ తెచ్చాడు: వెంటనే రావలెను. ఆయన ఇంటికే వెళ్లాను. పెరట్లో తెల్లకోళ్లు ఆకాశం చూస్తున్నాయి. కొన్ని గుండ్రంగా తిరుగుతున్నాయి. అధికారి భార్య ఒకదాన్ని ఒళ్లో పెట్టుకుని దాని మెడ నిలబెట్టాలని చూస్తోంది. ఆమెను చూస్తే మాత్రం నాకు సిగ్గేసింది. ఆమె ఏ గడీ నింపలేదు.

"చూశావుగా" అన్నాడు అధికారి.

చూశాను. చేతులు వెనక్కి కట్టుకుని చాలాసేపు చూశాను. "విషప్రయోగం సార్" అన్నాను. "అనుమానం."

"ఏమిటీ?"

"మీకు గిట్టనివాళ్లెవరైనా ఉన్నారా సార్, ఈ వీధిలో? పోలీసులకు ఒక మాట చెబుదాం."

"నీకు బుద్ధుందా? మెడలు చూడు, ఆ పచ్చ విరేచనం చూడు! చిన్నపిల్లాడికైనా తెలుస్తుంది, కొక్కెర తెగులు!"

"మన సబ్‌డివిజన్లో అది లేదు కదా సార్."

భార్య తలెత్తింది. "మీ ఇద్దరి గొడవ తర్వాత. ఇంకా నిలబడున్నవాటికైనా మందు వేయిస్తారా, వేయించరా?"

టీకా మందు ఆ నెలలోనే వచ్చి ధర్మవరం స్టోరులో ఉంది. కాని ఇండెంటు ఫారం లేనిదే ఒక్క సీసా కదలదు. ఆ నియమం ఎవరిదో చెప్పనక్కర్లేదు. ఇండెంటు పుస్తకం సంచిలోనే తెచ్చుకున్నాను, మధ్యలో కార్బన్ కాగితాలు పెట్టి మరీ. ఆయన ముందు పరిచాను.

"రాయి" అన్నాడు.

"నేను రాస్తే విషప్రయోగమనే రాయాల్సి వస్తుంది సార్. నా మొదటి రిపోర్టు మీద నిలబడమన్నారు. విషానికి టీకా ఇవ్వరు. కోళ్ల యజమాని మీరు, రోగం తెలిసినవారూ మీరే."

కలం లాక్కున్నాడు. రోగం పేరు: కొక్కెర తెగులు. లక్షణాలు: మెడ వంకర, పచ్చ విరేచనాలు. తర్వాతి గడి దగ్గర చెయ్యి ఆగింది. "రోగం ఎక్కడి నుంచి సోకినది?"

ఆయన ఆ గడిని చూశాడు. గడి ఆయన్ను చూసింది. ఎన్నేళ్ల అలవాటు అది! ఆయన జీవితంలో ఒక గడిని ఖాళీగా వదిలింది లేదు. పైగా వెనక భార్య నిలబడి, "ఆ కొండకింద ఊరి కోళ్లు వచ్చినప్పటి నుంచే కదా" అంటోంది. ఊరి పేరు రాశాడు. జీపులో తెచ్చిన తేదీ రాశాడు. కింద సంతకం, హోదాతో సహా.

పై కాగితం స్టోరుకు పోయింది. నిలబడి ఉన్న కోళ్లన్నిటికీ ఆ పూటే టీకా వేశాను, కొన్ని బతికాయి. కార్బన్ కాపీ నాతో పాటు పాసింజరు బండిలో పెనుకొండ వచ్చింది. ఈసారి ఒక్క మడత కూడా పెట్టలేదు.

మేజిస్ట్రేటు దాన్ని రెండుసార్లు చదివాడు. "రోగం లేదని ఉత్తరం రాసింది, ఆ ఊరి నుంచే రోగం వచ్చిందని ఇది రాసింది ఒకరేనా?" అన్నాడు. "ఒకరేనండీ. అప్పుడు అధికారి, ఇప్పుడు కోళ్ల యజమాని" అన్నాను. రేంజరు గోడ వంక చూశాడు. సర్కారు వకీలుకు ఆ రోజు అడగడానికేమీ లేకపోయింది. రైతును వదిలేశారు. బయటికొచ్చి ఆయన నాతో చెప్పింది ఒకటే మాట: "సాళ్లు వంకర పోయినాయంట గదా సార్. సూసొస్తా." భార్య పక్కనే ఉంది. "వంకరుంటే ఏమి, మొలిసినాయి" అంది. ఇద్దరూ నడుచుకుంటూ వెళ్లిపోయారు. నన్ను మెచ్చుకోలేదు. మెచ్చుకోవలసిన పని నేనేం చేశాననీ?

దొంగటీకా రిజిస్టరుకు నాకు మెమో వచ్చింది. న్యాయమే, తీసుకున్నాను. వెనకే ముదిగుబ్బకు బదిలీ వచ్చింది. అదీ తీసుకున్నాను. అక్కడ గొర్రెలెక్కువ, గడులు తక్కువ.

కాని వెళ్లేముందు ఒక పని మిగిలింది. నేను వైద్యం చేసిన చోట చచ్చినవాటికి మరణాల నివేదిక నేనే పంపాలి. మా అధికారి ఇంటి తెల్లకోళ్లకు కూడా. ఫారం శుభ్రంగా నింపాను: ఊరు ధర్మవరం, యజమాని హోదా, జాతి, వయసు, రంగు తెలుపు. "మరణ కారణం" అన్న గడిని మాత్రం ఖాళీగా వదిలి టపాలో వేశాను. మా అధికారి దాన్ని కొక్కెర తెగులని తానే నింపుకుంటే, రోగం లేదని కోర్టుకు రాసిన తన ఉత్తరం అబద్ధమని ఆఫీసు ఫైల్లో తానే ఒప్పుకున్నట్టు. విషమని నింపుకుంటే పోలీసుల్ని పిలవాలి. ఎర్రసున్నాతో తిరిగి వచ్చింది. అలాగే వెనక్కి పంపాను. ముదిగుబ్బ చిరునామాకు మళ్లీ వచ్చింది, ఇంకా లావైన సున్నాతో. ఈసారి నా నీలిసిరాతో, తీరిగ్గా, ఆయన ఎర్రసున్నా చుట్టూ ఇంకొక సున్నా చుట్టి పంపించాను.

లోపల మాత్రం ఏమీ రాయలేదు.